తక్కెడ పళ్లెం లేచిన రోజు

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నాననడం కూడా సరికాదేమో. మోసేవాడికి ఎక్కడో ఒకచోట దించుకునే వీలుంటుంది. ఇది నాతోపాటే అన్నం తిన్నది, నాతోపాటే నిద్రపోయింది. నా బిడ్డకు అక్షరాలు దిద్దించేటప్పుడు నా పక్కనే కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు చెప్పను. నేను మోసం చేసిన మనిషి పేరు కూడా చెప్పను. ఆమెను ఎప్పుడూ మేడం అనే పిలిచాను, ఇక్కడా అలాగే అంటాను. పేర్లు ఎందుకు వద్దో చివర్లో మీకే తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. సిగ్గుతోనే రాస్తున్నాను, కాదనను. కానీ సిగ్గు కంటే కృతజ్ఞత ఎక్కువ. ఆమె నా మాట వినకపోయి ఉంటే, ఇప్పటికీ ఒక తప్పుడు సిద్ధాంతాన్ని చంకలో పెట్టుకుని, లోకానికే బుద్ధి లేదని తిట్టుకుంటూ తిరుగుతుండేవాణ్ని.

మాది చొప్పదండి దగ్గర ఒక పల్లె. ఇంటర్‌లో నాకు ఫిజిక్స్ అంటే ప్రాణం. డిగ్రీ చదువుతానంటే బాపు ఒప్పుకోలేదు. చదివింది చాలు, పనిలో చేరమన్నాడు. తెలిసినవాళ్లు ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో పెట్టించారు. పత్తి లారీ వచ్చి వేబ్రిడ్జి ఇనుప పలక మీద నిలబడితే, తూకం చూసి చీటీ ఇవ్వడం నా పని. పత్తి సీజన్ అయిపోగానే మిల్లు మూసేవాళ్లు. ఎండాకాలమంతా ఊళ్లో ఉండేవాణ్ని.

ఆ వేబ్రిడ్జి దగ్గరే నాకు ఆ పిచ్చి పట్టింది. పొద్దున తూచిన లారీని ఏదో గొడవ వచ్చి మధ్యాహ్నం మళ్లీ తూస్తే బరువు తగ్గేది. ఒకసారి కాదు, చాలాసార్లు. లారీలోంచి ఎవరూ ఏమీ దించలేదు. మరి ఆ బరువు ఎక్కడికి పోయింది? పొద్దున సూర్యుడు పక్కన ఉంటాడు, మధ్యాహ్నం నెత్తిమీద ఉంటాడు. తేడా అదొక్కటే కదా అనుకున్నాను. ఆలోచించగా ఆలోచించగా నాలో ఒక సిద్ధాంతం తయారైంది. భూమి దేన్నీ గుంజదు. ఆకాశమే అన్ని వైపుల నుంచీ మనల్ని ఒత్తుతుంది. కాళ్ల కింద భూమి అడ్డం ఉంది కాబట్టి కింది నుంచి వచ్చే ఒత్తిడి మనదాకా రాదు. పైనుంచి వచ్చేది మాత్రం వస్తుంది. దాన్నే అందరూ బరువు అంటున్నారు. సూర్యుడు నెత్తిమీదికి వస్తే ఆ పై ఒత్తిడికి కొంత అడ్డమవుతాడు, బరువు తగ్గుతుంది.

ఎంత అందంగా ఉందో చూడండి. ఇప్పటికీ అందంగానే అనిపిస్తుంది. అందంగా ఉన్నది నిజం కూడా అయి తీరాలని ఎందుకనుకున్నాను?

మిల్లులో నన్ను సైంటిస్టు అని పిలిచేవాళ్లు. "ఏం సైంటిస్టూ, గియ్యాల భూమి గుంజుతున్నదా, సెలవు పెట్టిందా?" అని హమాలీలు నవ్వేవాళ్లు. వాళ్ల నవ్వు నన్ను బాధపెట్టలేదు. చదువుకున్నవాళ్ల నవ్వు బాధపెట్టింది. ఎండాకాలం కరీంనగర్ పోయి కాలేజీ కాలేజీ తిరిగాను. ఒక చోట వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. ఇంకో చోట లెక్చరర్ సగం విని, "తూకం చూసుకునేటోనికి గియన్ని ఎందుకు?" అని లేచి పోయాడు. ఒకాయన నా ముందే పక్కాయనకు కన్ను గీటాడు. ఆ కన్ను గీటడం నేను ఎన్ని రోజులు తలుచుకున్నానో మీకు చెప్పలేను.

ఆ తిరుగుడులోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మేడం కనిపించింది. నాకంటే పెద్దది. కరీంనగర్‌లో పుట్టి పెరిగిన ముస్లిం కుటుంబం వాళ్లది. ఇంట్లో దక్కనీ, బయట మన తెలుగు. వేసవి క్లాసు అయిపోయి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ స్టాఫ్ రూమ్‌లోకి వస్తూ, గుమ్మం దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "కూసో తమ్మీ, జర నీళ్లు తాగి చెప్పు" అన్నది.

అంతే. ఆ ఒక్క మాట కోసమే నేను అన్ని గేట్ల ముందు నిలబడ్డానేమో.

ఆమె మొత్తం విన్నది. నవ్వలేదు. నమ్మనూ లేదు. "పత్తిల నీళ్లుంటయ్ తమ్మీ. పొద్దుగాల మంచు పడ్తది, ఎండకు ఆరుతది. ముందు గది చూద్దాం" అన్నది. వాళ్ల అక్కను ఆదిలాబాద్‌లో ఇచ్చారు. సంక్రాంతి సెలవుల్లో అక్క ఇంటికి వచ్చినప్పుడు మిల్లుకు వచ్చి, ఒక పొద్దంతా నా వేబ్రిడ్జి గదిలో కూర్చుంది. పత్తి లారీని, బయటి నుంచి తూకానికి వచ్చిన ఇనుప కడ్డీల లారీని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తూయించింది. పత్తి తగ్గింది. ఇనుము తగ్గలేదు.

ఆ రోజే నా సిద్ధాంతం కాలు విరిగింది. నేను ఒప్పుకోలేదు. సూర్యుడి సంగతి వదిలేద్దాం, ఒత్తిడి మాత్రం నిజమే అన్నాను. ఆమె విసుక్కోలేదు. చాయ్ తాగుతూ ఒక ప్రశ్న వేసింది. "వానల ఉరికితే ఎనుక కంటె ముందట ఎక్కువ తడుస్తం గదా. భూమి గూడ ఉరుకుతనే ఉన్నది. నువ్వు చెప్పే ఒత్తిడి దానికి ముందట ఎక్కువ తాకాలె. తాకితే నెమ్మదిగ, నెమ్మదిగ భూమి ఆగిపోవాలె. మరి ఎందుకు ఆగలే?"

నాకు అర్థమైంది. ఇక్కడ నేను మీకు అబద్ధం చెప్పకూడదు. ఆ ప్రశ్న నాకు ఆ క్షణంలోనే, పూర్తిగా, అర్థమైంది. నా సిద్ధాంతం చచ్చిపోయిందని నాకు తెలిసింది. అయినా ఆలోచించి చెప్తానన్నాను. అప్పటికే మనసులో జవాబు కాదు, సాకు వెతుక్కుంటున్నాను. నాకు కావలసింది నిజం కాదా? నిజం కనిపెట్టినవాడు అన్న పేరా? ఆ రెండూ ఒకటేనని అంతకుముందు అనుకునేవాణ్ని.

"ప్రయోగం చేసి చూపిస్తా మేడం" అన్నాను. ఒక తక్కెడ. రెండు పళ్లేలలో సమానమైన బరువులు. ఒక పళ్లెం పైన, తాకకుండా, మందమైన సిమెంటు బండ పెడతాను. బండ పై ఒత్తిడికి అడ్డమైతే ఆ పళ్లెం తేలికై లేవాలి. ఆమె కళ్లు మెరిశాయి. "మంచిగ చెప్పినవ్. నీ సిద్ధాంతం నేను నమ్మ. గని పళ్లెం లేస్తే, లేసిందని నలుగురిల చెప్త" అన్నది. ఎండాకాలంలో కరీంనగర్‌లో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక స్కూలు హాల్లో సైన్సు సభ పెట్టుకునేవాళ్లు. అందులో నాకు కాస్త సమయం ఇప్పించింది. దానికోసం ఆమె ఎవరెవరితో ఎన్ని మాటలు పడిందో తర్వాత తెలిసింది.

అద్దె గదిలో తక్కెడ చేశాను. కట్టె కాడ, ఇత్తడి పళ్లేలు. బండ పోశాను. ఎన్నిసార్లు చేసినా పళ్లెం వెంట్రుకవాసి కదల్లేదు. కదలదని తెలుసు కదా. మరి ఎందుకు మళ్లీ మళ్లీ చేశాను? సభకు బాపు వస్తానన్నాడు. చదువు మాన్పించిన బాపు, కొడుకును స్టేజీ మీద చూడాలని కొత్త ధోతి కట్టుకుని వస్తానన్నాడు. ఇదొక కారణం. ఆ కన్ను గీటినాయన కూడా వస్తాడని తెలిసింది. నిజం చెప్పాలంటే అదే పెద్ద కారణం.

పాడైపోయిన లౌడ్‌స్పీకర్‌లోని అయస్కాంతం పీకి, బండ మళ్లీ కొత్తగా పోసి ఆ సిమెంటులో కప్పేశాను. బండను ఇటో అటో మార్చమంటారని ఊహించి, రెండు పళ్లేల అడుగునా చిన్న ఇనుప బిళ్లలు టంకం పెట్టి, పైన పసుపు రంగు పూశాను. బండ ఎంత ఎత్తులో ఉంటే పళ్లెం అతుక్కోకుండా మెల్లగా లేస్తుందో చూసుకుని, బండను మోసే స్టాండుకు ఆ ఎత్తులో మేకు కొట్టాను. ఇదీ నేను చేసింది. ఇలా చేశాను.

సభ రోజు మేడం తన కాలేజీ ల్యాబ్ నుంచి ఇత్తడి బరువులు తెచ్చింది. ఇనుము వద్దని ముందే చెప్పింది. ఫ్యాన్లు ఆపించింది, కిటికీలు మూయించింది. బండ వేడిగా ఉందేమోనని చెయ్యి పెట్టి చూసింది. నేను బండను ఒక పళ్లెం మీదికి జరిపాను. పళ్లెం లేచింది. "ఇప్పుడు అవతలి దాని మీద పెట్టు" అన్నదామె. పెట్టాను. అదీ లేచింది. వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి. బాపు లేచి నిలబడ్డాడు. కన్ను గీటినాయన ముఖం చూశాను. జీవితంలో అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు. దాని గురించి కూడా చెప్పాలి కదా. అవును, సంతోషం కలిగింది.

ఆమె గాలిని అనుమానించింది. వేడిని అనుమానించింది. తన కళ్లను కూడా అనుమానించి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. నన్ను అనుమానించలేదు.

తర్వాత అన్న మాట నిలబెట్టుకుంది. మైకు దగ్గరికి పోయి, "పళ్లెం లేసింది, నేను చూసిన. ఎందుకు లేసిందో నాకు తెల్వది. ఈ తమ్ముని సిద్ధాంతం నేను ఒప్పుకుంటలేను. చూసిందాన్ని మాత్రం చూడలే అని అనను" అన్నది. ఇంత స్పష్టంగా చెప్పింది. బయటికి పోయిన మాట మాత్రం వేరు. భూమికి ఆకర్షణ లేదని ఫలానా కాలేజీ మేడం ఒప్పుకుందట అని పాకింది. తోటి లెక్చరర్లు ఎదురుగానే నవ్వారు. పిల్లలు బోర్డు మీద పైకి లేస్తున్న పళ్లెం బొమ్మ గీసిపెట్టేవాళ్లట. పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారని చెప్పి కాలేజీవాళ్లు ఆమెకు సీనియర్ ఇంటర్ క్లాసులు తీసేశారు. ఏడాది గడవకముందే ఆమె మానేసి, ఇంటి ముందు గదిలో ట్యూషన్ పెట్టుకుంది.

నేనేం చేశాను? మిల్లు మూసి ఉన్నా సభ నుంచి నేరుగా ఆదిలాబాద్ వచ్చి, బండను సుత్తెతో పగలగొట్టి, మిల్లు వెనక నాలాలో పడేశాను. తక్కెడ బస్సులో విరిగిందని ఆమెకు ఫోన్‌లో చెప్పాను.

ఆమె వచ్చింది. ఆ తర్వాతి సీజన్‌లో, అక్క ఇంటికి వచ్చి, అక్కడి నుంచి మిల్లుకు. లారీలు వరసలో ఉన్నాయి. బయట మహారాష్ట్ర డ్రైవర్ ఒకడు కిటికీలోకి తొంగిచూసి "వజన్ కితీ ఝాలం?" అని తూకం అడుగుతున్నాడు. వాడికి చీటీ ఇచ్చి పంపేదాకా ఆమె స్టూలు మీద ఓపికగా కూర్చుంది.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. మనసుల పెట్టుకోకు."

"అడుగుండ్రి మేడం."

"నేను ఇంట్ల గసొంటి తక్కెడే చేసిన. బండ గూడ పోసిన. నా పళ్లెం కదుల్తలేదు. ఎన్ని తీర్ల చేసినా కదుల్తలేదు. నువ్వు ఏమన్న చేసినవా?"

నేను చీటీల పుస్తకం సర్దాను.

"చేస్తే చేసిన అని చెప్పు. నేను ఎవ్వరికి చెప్ప. నీ మీద కోపం గూడ లేదు. నాకు తెల్వాలె, గంతే."

"ఏం చెయ్యలే మేడం."

"పక్కానా?"

"పక్కా. మా బాపు మీద ఒట్టు."

ఆమె కాసేపు నా ముఖం చూసింది. తర్వాత ఊపిరి వదిలి, "సరే తియ్. అయితే నేనే యాడనో తప్పు చేస్తున్న. మళ్ల చేసి చూస్త" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "మాఫ్ చెయ్ తమ్మీ. అనుమానపడ్డ" అన్నది.

ఆమె నన్ను క్షమాపణ అడిగింది. నేను తలూపాను. ఇవ్వడానికి ఏదో నా దగ్గర ఉన్నట్టు తలూపాను.

దాని తర్వాత వేములవాడ పోయి రాజన్నకు మొక్కుగా కోడెను కట్టాను. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగాను. ఏం మొక్కుకోవాలో నోటికి రాలేదు. దొరకకూడదనా? దొరకాలనా?

ఇంత చేసినా ఆమె నన్ను వదల్లేదు. ఆదివారాలు ఫోన్ చేసేది. ఈసారి బండ మందం పెంచాను, ఈసారి కాడ మార్చాను అని తన ప్రయోగాల సంగతి చెప్పేది. ఆ మాటల్లోంచే నాకు పాఠం మొదలైంది. డిగ్రీ పుస్తకాలు బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది. లెక్కలు రాకపోతే ఫోన్‌లోనే మళ్లీ మొదటి నుంచి చెప్పింది. చంద్రుడు కూడా కింద పడుతూనే ఉంటాడని, పడుతూ పడుతూ పక్కకు పోతుంటాడు కాబట్టి భూమిని తాకడని నాకు అర్థమైన రోజు మిల్లు ఆవరణలో పత్తి కుప్పల మధ్య నిలబడి ఆకాశం చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం పూటే. చంద్రుడు పగటివేళ తెల్లగా కనిపిస్తున్నాడు. నేను కట్టుకున్న సిద్ధాంతం కంటే ఇది ఎంతో అందంగా ఉంది. పైగా నిజం. నేను ఎవరి జీవితాన్ని చెడగొట్టానో ఆ మనిషే నాకు దీన్ని ఇచ్చింది. అప్పుడైనా ఫోన్ చేసి చెప్పవచ్చు కదా? చెప్పలేదు. చెబితే ఆదివారం ఫోన్లు ఆగిపోతాయని భయపడ్డాను.

ఈలోగా నాకు పెళ్లయింది. ఏళ్లు గడిచి నా బిడ్డ ఇంటర్‌కు వచ్చింది. తన నానమ్మ, మా అవ్వ దగ్గర ఉండి, చొప్పదండి నుంచి కరీంనగర్‌కు బస్సులో పోయి మేడం ట్యూషన్‌లో చదువుకుంది. ఒక రోజు ఫోన్‌లో హుషారుగా చెప్పింది. "బాపూ, ఇయ్యాల మేడం ఒక ముచ్చట చెప్పింది. ఒకాయన తక్కెడ తెచ్చి ప్రయోగం చేస్తే పళ్లెం లేసిందంట. మేడం చేస్తే ఎన్నడు లేవలేదంట. రెండూ నిజమే, రెండూ చెప్పాలె అన్నది. చూసింది దాచిపెట్టద్దన్నది."

"గా మనిషి గురించి ఏమన్నది?" అని అడిగాను.

"మంచోడంట బాపూ. ఒట్టు గూడ వేసిండంట."

ప్రతి ఏడూ, ప్రతి బ్యాచ్‌కూ ఆమె ఈ కథ చెప్తుందట. నిజాయితీ అంటే ఏమిటో నేర్పడానికి నా అబద్ధాన్ని చెప్తుంది. నా బిడ్డకు కూడా అలాగే నేర్పింది. ఆ సభ మాట ఇంట్లో ఎవరినీ ఎత్తనివ్వలేదు కాబట్టి, ఆ మనిషి నేనేనని బిడ్డకు తెలియదు. నా పేరు మేడం ఎక్కడా అనలేదు.

బిడ్డ ఎమ్మెస్సీ చదివి లెక్చరర్ అయింది. మొన్న కాలేజీలో చేరేముందు, "మా మేడం తక్కెడ ముచ్చట తోటే మొదటి క్లాసు మొదలుపెడ్త" అన్నది. నేను అప్పుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాను. చెయ్యి కడుక్కుని, "అది చెప్పకు బిడ్డా" అన్నాను. ఎందుకని అడిగింది. చెప్పాను. మా బాపు అప్పటికే చనిపోయాడు. ఆయన మీద వేసిన ఒట్టు మాత్రం అలాగే ఉంది. బిడ్డ లేచింది. బ్యాగు సర్దుకుని, "ముందు మేడంకు చెప్పు" అని మాత్రం అన్నది.

కరీంనగర్ పోయాను. మేడం జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడింది. కూర్చోమనక ముందే, నిలబడే చెప్పాను. అయస్కాంతం, బిళ్లలు, రంగు, మేకు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. "రెండు పళ్లేల కిందనా?" అని అడిగింది. అవునన్నాను. "పళ్లెం తిప్పి చూడలే నేను" అని తనలో తను అనుకుంది. నేను క్షమించమని అడగలేదు. అడిగే ధైర్యం లేదు. ఆమె కూడా క్షమించానని అనలేదు. కోపంగా ఒక మాటైనా అంటే బాగుండేదనిపించింది. అదీ అనలేదు.

చివరికి, "గంత మంది పిల్లలకు తప్పు చెప్పిన గదా తమ్మీ. వాళ్లు ఎక్కడెక్కడున్నరో. నువ్వు రాయి. నీ పేరు ఎవ్వనికి కావాలె? నా పేరు గూడ వద్దు. ఎట్ల చేసినవో రాయి, అది చాలు. ఇగ పో. ఇయ్యాల నాతోటి మాట్లాడకు" అన్నది.

అందుకే రాస్తున్నాను. అప్పటి నుంచి ఆదివారం ఫోన్ రాలేదు. వస్తుందో రాదో తెలియదు. బిడ్డ మాట్లాడుతోంది గానీ ఆ సంగతి ఎత్తదు. నాకు వాళ్లిద్దరి మీదా కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు. నిలబడి చెప్పడానికి మేడం దారి చూపింది, బిడ్డ తోసింది.

మీరు ఆ ముందు గదిలో కూర్చుని చదువుకున్నవాళ్లలో ఒకరైతే, ఆ కథ ఇంకొకరికి చెప్పి ఉంటే, దయచేసి వాళ్లకు ఈ మాట కూడా చేర్చండి. మీ మేడం చూసింది చూసినట్టే చెప్పింది. ఆమె తక్కెడే సరైనది. ఆ హాల్లో పళ్లెం దానంతట అది లేవలేదు. నేను లేపాను.